హవాయి స్టీలు గిటారు

హవాయి స్టీలు గిటారు ఒక తంత్రీ వాద్యము. దీనిని ఒడిలో పడుకోబెట్టి, ఎడమచేతిలోని ఉక్కు కడ్డీని తీగలపై జరుపుతూ వాయిస్తారు. మన గోటువాద్యము పద్ధతి కూడా ఇటువంటిదే. 19వ శతాబ్దం చివరలో హవాయి దీవులకు చెందిన జోసెఫ్ కెకుకు ఈ వాదన పద్ధతికి ఆద్యుడని ప్రసిద్ధి. జార్జి బోషాంప్ రూపొందించగా 1932లో వెలువడిన విద్యుత్ గిటారు, దాని ఆకారం వలన "ఫ్రైయింగ్ పాన్" (పెనము) అని పేరుపొందినది. భారతదేశంలో, 1940లలో కలకత్తాలో నివసించిన టౌ మో దీనికి ప్రాచుర్యము కల్పించాడు. బ్రిజ్ భూషణ్ కాబ్రా దీనిని హిందుస్తానీ రాగాలకు అనువుగా మలచాడు. 1967 నాటి "కాల్ ఆఫ్ ది వ్యాలీ" రికార్డులో ఆయన గిటారు వినవచ్చును.

యాంప్లిఫయరు కలిపి తయారుచేసిన పాత గిటార్లు అరుదు. అటువంటిది దొరికితే నాదము కంటే ముందు కరెంటు సంగతి చూడవలెను. అమెరికా తయారీవి సుమారు 117 వోల్టులకు ఉద్దేశించినవి. మన ఇళ్ళలో సరఫరా 230 వోల్టులు కనుక నేరుగా తగిలిస్తే కాలిపోతాయి. చవకరకం వాల్వు యాంప్లిఫయర్లు కొన్నింటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. ఇంటి కరెంటు లోపలి చట్రానికి, దానిద్వారా తీగలకు చేరి, వాయించేవారి ప్రాణానికే ముప్పు కలుగవచ్చు. ఆటో ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని తగ్గిస్తుందే గాని ఈ ప్రమాదాన్ని తప్పించదు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. పాత కెపాసిటర్లను కూడా తెలిసిన మెకానిక్కు చేత మార్పించాలి. స్విచ్చి ఆపిన తరువాత కూడా వాటిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది.