తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదిరితే

హైదరాబాద్‌లోని ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ ఐటీ ఆఫీసుల్లో కౌన్సెలింగ్‌కు వెళ్లేవాళ్లు ఇప్పుడు అరుదేమీ కాదు. కొన్ని కంపెనీలు ఉద్యోగులకు కొన్ని సెషన్లు ఉచితంగానే ఇస్తున్నాయి. మొదటి రెండు మూడు వారాలు మనసు తేలికపడుతుంది. చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికిన ఊరట అది. ఆ తర్వాత ఏ అయిదో వారంలోనో నిద్ర చెడుతుంది, ఊరికే ఏడుపొస్తుంది, తగ్గిందనుకున్న దడ తిరిగొస్తుంది. ‘ఇది నాకు పనిచెయ్యదు’ అని మానేసేది సరిగ్గా అప్పుడే. చాలాసార్లు అది మానెయ్యకూడని సమయం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఖాజాగూడకు దగ్గర్లోని బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ను 2019 నవంబరులో తెరిచారు. మూడు వారాలు నిండకముందే దానిమీద ఘోర ప్రమాదం జరిగి, కొన్నాళ్లు మూసేశారు. ఆ వంతెన ఎక్కాలంటే గుండె దడదడలాడే ఇంజినీరు ఒకతను ఉన్నాడనుకోండి. రోజూ కిందినుంచే, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ పోతాడు. వంతెన ఎక్కడు కాబట్టి భయం వెయ్యదు. అయితే, ఎక్కితే ఏమీ కాదని తెలుసుకునే అవకాశమూ రాదు. ఇలా జబ్బుకు కూడా ఒక నిలకడ ఏర్పడుతుంది. ఏళ్ల తరబడి అది అలాగే సాగిపోగలదు.

థెరపీ కదిలించేది ఆ నిలకడనే. ముందు స్నేహితుడి కారులో, తర్వాత తనే నడుపుతూ, దడ వస్తున్నా వెనక్కి తిరగకుండా వెళ్లమంటారు. ఆ వారాల్లో అతనికి భయం పెరుగుతుంది, రాత్రిళ్లు పీడకలలూ రావచ్చు. పాత పద్ధతి పట్టు సడలింది, కొత్తది ఇంకా కుదురుకోలేదు. పాత సర్వర్ నుంచి కొత్తదానికి మారే రాత్రి పడే అవస్థ ఈ వీధుల్లో ఎవరికీ వివరించనక్కర్లేదు.

దీనికి పరిశోధనల ఆధారం ఉంది. డిప్రెషన్‌తో బాధపడేవారిని, తాము తప్పించుకు తిరుగుతున్న బాధకు ఎదురు నిలబెట్టే చికిత్సను అమెరికా మనస్తత్వవేత్త అడెల్ హేస్, ఆమె సహచరులు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. చికిత్స మధ్యలో లక్షణాలు కొంతకాలం ఎగబాకి, ఆపైన దిగినవాళ్లు చివరికి ఎక్కువ మెరుగుపడ్డారు. అంతకుముందు 1999లో టోనీ టాంగ్, రాబర్ట్ డెరుబీస్ అనే పరిశోధకులు మరో సంగతి గమనించారు. కొందరిలో ఒక సెషన్‌కూ మరుసటి సెషన్‌కూ మధ్య డిప్రెషన్ ఒక్కసారిగా తగ్గుతుంది. అంటే మనసు వారానికింత చొప్పున మారదు. కొన్నాళ్లు కదలనట్టుంటుంది, ఊగుతుంది, ఉన్నట్టుండి మారుతుంది.

బాగుపడ్డాక కూడా భయం తిరిగి రావచ్చు. పాత భయం చెరిగిపోదు, దాని పక్కన కొత్త అనుభవం చేరుతుంది. మన ఇంజినీరు పండక్కి ఊరెళ్లి నెలయ్యాక వచ్చి, వాన రాత్రి అదే వంతెన ఎక్కితే పాతదే ముందు మేల్కొనవచ్చు. నేర్చుకున్నది పోయిందని దానర్థం కాదు. వానలో, రాత్రిపూట కూడా సాధన చెయ్యాలని అర్థం. మద్యం మానేవాళ్లతో పనిచేసిన అలన్ మార్లాట్ కూడా ఇదే చెప్పాడు. ఒక గ్లాసు తాగడం ఒక తప్పటడుగు. ‘ఇంకేముంది, అంతా పోయింది’ అనుకోవడమే మనిషిని మళ్లీ పాత తాగుడులోకి నెట్టేది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ముదిరిన ప్రతిదీ మంచికే అనుకోవడం ప్రమాదం. థెరపీ తీసుకున్న పెద్దవాళ్లలో 5 నుంచి 10 శాతం మంది మొదటికన్నా దిగజారి బయటపడతారని మనస్తత్వవేత్త మైకేల్ లాంబర్ట్ అంచనా. ఆ దిగజారడాన్ని థెరపిస్టులు తరచూ గుర్తించలేరని కూడా ఆయన పరిశోధనలు చూపాయి. అందుకే ప్రతి సెషన్‌కూ ముందు చిన్న ప్రశ్నావళి నింపించి, స్కోరు చూడమని అడగండి. బాధ పెరుగుతున్నా ఇన్నాళ్లూ తప్పించుకున్నదాన్ని ఎదుర్కొంటున్నారా, నోరు విప్పి చెప్పగలుగుతున్నారా? అయితే ఏదో కదులుతోంది. వారాలు గడుస్తున్నా ఏదీ కదలక కుంగుబాటే పెరుగుతుంటే పద్ధతి మార్చాలి, లేదా థెరపిస్టును మార్చాలి.

కంపెనీలు ఇచ్చే ఉచిత సెషన్ల మీద నాకొక ఆందోళన ఉంది. మనసును కదిలించి, కుదురుకునేలోపే కోటా అయిపోతే మనిషి నడిమధ్యన మిగిలిపోతాడు. ఎన్ని సెషన్లున్నాయో మొదటిరోజే థెరపిస్టుకు చెప్పండి. మానేద్దామనిపిస్తే, ఆ మాట చెప్పడానికైనా ఇంకొక్కసారి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం వచ్చే సెషన్ దాకా ఆగొద్దు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. ఇరవైనాలుగు గంటలూ ఉచితంగా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.