వార్తల్లో పదం: సిడ్ ఎమ్యులేషన్

1982లో వచ్చిన కమడోర్ 64 హోమ్ కంప్యూటర్‌లో ధ్వని పుట్టించే చిప్ పేరు సిడ్. రూపకర్త బాబ్ యానెస్. ఆ చిప్ చేసే పనిని నేటి కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో యథాతథంగా చేయించడమే సిడ్ ఎమ్యులేషన్.

చిప్‌లో ఒకేసారి మోగగల స్వరాలు మూడే. వాటి పుట్టుక అంకెల లెక్క కాబట్టి అనుకరణ చాలావరకు తేలికే. చిక్కంతా ఫిల్టర్‌తోనే. అది అనలాగ్ సర్క్యూట్. తయారీలోని తేడాల వల్ల సిడ్ తొలి మోడల్ అయిన 6581లోనే ఒక చిప్ మోగినట్టు ఇంకొకటి మోగదు. మరి దేన్ని ప్రమాణంగా తీసుకోవాలి?

లోపాలనూ వదలడానికి వీల్లేదు. 6581లో వాల్యూమ్ మార్చినప్పుడల్లా ‘టక్’మని చప్పుడొచ్చేది. ప్రోగ్రామర్లు వాల్యూమ్ రిజిస్టర్‌ను సెకనుకు వేలసార్లు మార్చి, ఆ చప్పుళ్లతోనే డ్రమ్ములు మోగించారు, మాటలు పలికించారు. ఎంత గొప్ప ఉపాయం! తర్వాతి 8580లో ఆ లోపం బాగా తగ్గేసరికి, పాత గేముల్లో ఆ గొంతులు పీలగా మారాయి. అందుకే మంచి ఎమ్యులేటర్లలో రెండు మోడళ్లలో కావలసినదాన్ని ఎంచుకునే వీలుంటుంది. డాగ్ లెమ్ రాసిన ‘రీసిడ్’ వీటిలో పేరున్నది. ‘వైస్’ ఎమ్యులేటర్‌లో ఉన్నది అదే.

రాబ్ హబ్బర్డ్, మార్టిన్ గాల్వే వంటి సంగీతకర్తలు ఈ చిప్ నాడి పట్టుకుని బాణీలు కట్టారు. అసలు చిప్‌లేమో ఒక్కొక్కటిగా పాడవుతున్నాయి. ఆ బాణీలు ముందుతరాలకు సరిగ్గా వినిపించాలంటే ఎమ్యులేషన్ తప్పనిసరి.