గల్ఫ్‌లో చదివి ఇక్కడ ఎంట్రన్స్ రాస్తున్నారా? ఫామ్ నింపే ముందు ఈ ఎపిసోడ్ పూర్తిగా చూడండి

ఈ రోజు ఎపిసోడ్ మన రామారెడ్డి నుంచే. వెనకాల సౌండ్ వస్తే ఏమనుకోకండి, ఇసన్నపల్లి కాలభైరవ స్వామి గుడికి పోయే బండ్లు అవి.

టాపిక్ ఏంటంటే, మన ఊర్ల నుంచి దుబాయ్, సౌదీ, ఖతర్, కువైట్ పోయిన వాళ్ల పిల్లలు అక్కడే ప్లస్ టూ చదివి, ఇంజినీరింగ్‌కో మెడిసిన్‌కో ఇండియాకి వద్దామనుకుంటారు కదా. వాళ్లు జేఈఈ మెయిన్, నీట్, ఈఏపీసెట్ ఫామ్స్ ఎట్లా నింపాలి? కామెంట్స్‌లో చాలా మంది అడిగిన ప్రశ్న ఒకటే: "అన్నా, నేను ఇంటర్నేషనల్ స్టూడెంట్ కిందికి వస్తానా?"

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా. మా చిన్నమ్మ కొడుకు ఏడో తరగతి దాకా కామారెడ్డిలో చదివిండు. తర్వాత బాబాయికి ఫ్యామిలీ వీసా వస్తే అందరూ దమ్మామ్ పోయారు. అక్కడ సీబీఎస్‌ఈలో పన్నెండు అయిపోయింది. వచ్చి ఈఏపీసెట్ రాసిండు, మంచి ర్యాంకే వచ్చింది. ఇంట్లో స్వీట్లు కూడా పంచారు. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి పోతే ఒక్క మాట అన్నారు: "బాబూ, నువ్వు నాన్ లోకల్." చిన్నమ్మకి అర్థం కాలేదు. "పుట్టింది ఇక్కడ, రేషన్ కార్డు ఇక్కడ, ఇల్లు ఇక్కడ, నాన్ లోకల్ ఎట్లా అయితడు?" అని నాకు ఫోన్. అప్పటికే లేట్ అయింది. చివరికి మేనేజ్‌మెంట్ సీటు తీసుకున్నాం. ఆ ఏడాది వచ్చేద్దామనుకున్న బాబాయి ఇంకా రెండేళ్లు అక్కడే ఉండిపోయిండు. అందుకే ఈ వీడియో.

ముందు మీరు ఎవరో తేల్చుకోండి

ఫామ్‌లో నేషనాలిటీ అనే కాలమ్ ఉంటుంది. అక్కడే సగం తప్పులు జరుగుతాయి. మీరు ఎక్కడ ఉంటున్నారు అన్నది వేరు, మీ చేతిలో ఏ దేశం పాస్‌పోర్ట్ ఉంది అన్నది వేరు.

ఒకటి, ఇండియా పాస్‌పోర్ట్ ఉండి బయట దేశంలో ఉంటున్నవాళ్లు. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు దాదాపు అందరూ ఇదే. పదేళ్లు దుబాయ్‌లో ఉన్నా మీరు ఫారినర్ కాదు, ఇండియన్ సిటిజనే. కొన్ని ఫామ్స్‌లో ఎన్ఆర్ఐ అని వేరే ఆప్షన్ ఉంటుంది, నీట్‌లో ఉంది.

రెండు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు. అమెరికాలో పుట్టి, ఆ పాస్‌పోర్ట్‌తో ఇక్కడ తాతమ్మల దగ్గర చదువుకునే పిల్లలు మన జిల్లాలో కూడా ఉన్నారు. వీళ్లకి ఒక తేదీ చాలా ముఖ్యం: 2021 మార్చి 4. ఆ రోజు కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలు ఎన్ఆర్ఐ సీట్లకే పోటీ పడాలి, జనరల్ సీట్లకి కాదు. దాని మీద కేసు నడిచి, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తేదీకి ముందే కార్డు తీసుకున్నవాళ్లకి పాత హక్కులు ఉంటాయని చెప్పింది. కాబట్టి మీ కార్డు మీద ఇష్యూ డేట్ చూడండి. అయితే రిజర్వేషన్ మాత్రం ఓసీఐ వాళ్లకి వర్తించదు.

మూడు, పూర్తిగా విదేశీ పౌరులు. వాళ్లకే అసలు ఇంటర్నేషనల్ స్టూడెంట్ అనే మాట సరిపోతుంది.

గల్ఫ్ పిల్లలు "ఫారిన్ నేషనల్" మీద క్లిక్ చేస్తే ఏమవుతుంది? మీకు రావాల్సిన బీసీ, ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ చేజారుతుంది. ఇండియన్ సిటిజన్ ఏ దేశంలో ఉన్నా ఆ హక్కు అట్లనే ఉంటుంది. దాన్ని మన చేతులతో మనమే తీసెయ్యొద్దు.

జేఈఈ మెయిన్: ఒక ర్యాంకు, రెండు తలుపులు

జేఈఈ మెయిన్ ఏడాదికి రెండు సార్లు, జనవరిలో, ఏప్రిల్‌లో ఉంటుంది. జనవరి సెషన్‌కి అప్లికేషన్లు ఈ మధ్య అక్టోబర్ చివర్లో ఓపెన్ అవుతున్నాయి. గల్ఫ్‌లో కూడా సెంటర్లు ఇస్తున్నారు, ఆ ఏడాది లిస్ట్ బులెటిన్‌లో చూసుకోవాలి. ఇంకో విషయం, తెలుగులో ప్రశ్నపత్రం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సెంటర్లలోనే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ ర్యాంకుతో ఎన్ఐటీలకి రెండు దారులు ఉన్నాయి.

మొదటిది అందరికీ తెలిసిన జోసా కౌన్సెలింగ్. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్లకి ఉంటాయి. ఇక్కడ చదివినవాళ్లకి పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే హోమ్ స్టేట్. మరి దమ్మామ్‌లో పాసైతే? అప్పుడు మీ ఇండియన్ పాస్‌పోర్ట్‌లో ఉన్న శాశ్వత చిరునామా చూస్తారు. అక్కడ రామారెడ్డి, కామారెడ్డి జిల్లా, తెలంగాణ అని ఉంటే, వరంగల్ ఎన్ఐటీలో మీరు హోమ్ స్టేట్ క్యాండిడేట్!

అందుకే చెప్తున్నా, ఇప్పుడే పాస్‌పోర్ట్ చివరి పేజీ తిప్పి చూడండి. గల్ఫ్‌లో రెన్యూవల్ చేయించుకున్నప్పుడు అడ్రస్ ఏం పడిందో చాలా మంది చూసుకోరు. తప్పు ఉంటే ఫామ్ ఓపెన్ అయ్యే లోపే సరిచేయించుకోండి.

రెండో తలుపు పేరు దాసా. విదేశాల్లో చదివిన విద్యార్థులకి డైరెక్ట్ అడ్మిషన్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ స్కీమ్. ఇదివరకు శాట్ స్కోర్ అడిగేవాళ్లు, 2021 నుంచి జేఈఈ మెయిన్ ర్యాంకే లెక్క. మామూలు సీట్లకి పైన అదనంగా ఇచ్చే సీట్లు ఇవి. ఫీజు డాలర్లలో ఉంటుంది, మామూలు కుటుంబం తట్టుకోలేదు. కానీ అందులోనే మన కోసం ఒక లైన్ ఉంది. గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకి, అంటే సీఐడబ్ల్యూజీ అనే కేటగిరీకి, ఆ సీట్లలో మూడో వంతు కేటాయించారు. వీళ్లు డాలర్ ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు, ఇక్కడి పిల్లలు కట్టే ట్యూషన్ ఫీజు లెక్కే.

ఈ కేటగిరీ మా తమ్ముడికి వర్తించేది. మా ఇంట్లో ఎవరికీ ఆ పేరే తెలియదు, సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్న నాకు కూడా. ఇది ఆటోమేటిక్‌గా రాదు ఫ్రెండ్స్. జేఈఈ ఫామ్ ఒకటి, దాసా రిజిస్ట్రేషన్ ఇంకొకటి. వేరే వెబ్‌సైట్, వేరే తేదీలు. పదకొండు, పన్నెండు తరగతులు బయటే చదివి ఉండాలి. అమ్మో నాన్నో అక్కడ పని చేస్తున్నట్టు కాగితాలు, రెసిడెన్స్ పర్మిట్, స్కూల్ సర్టిఫికెట్లు పెట్టాలి. ఇందులో ఐఐటీలు ఉండవు, కుల రిజర్వేషన్ కూడా ఉండదు. అందుకే జోసా, దాసా రెండిట్లో మీకు అర్హత ఉంటే రెండూ ప్రయత్నించండి.

నీట్: సెంటర్ అక్కడ దొరుకుతుంది, సీటు సంగతి వేరే

నీట్‌కి మొదటిసారి 2021లో కువైట్, దుబాయ్‌లో సెంటర్లు పెట్టారు. 2024లో ముందు విదేశీ సెంటర్లు లేవన్నారు, పేరెంట్స్ గొడవ చేశాక 14 నగరాల్లో ఇచ్చారు. విదేశీ సెంటర్ ఎంచుకుంటే ఫీజు ఎక్కువ. 2025లో ఇక్కడ జనరల్ వాళ్లకి 1,700 రూపాయలైతే, బయట సెంటర్‌కి 9,500.

టైమ్ కూడా చూసుకోండి. పరీక్ష మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 2 గంటలకి. దుబాయ్‌లో అది పన్నెండున్నర, సౌదీలో పదకొండున్నర. గేటు అరగంట ముందే మూసేస్తారు. అడ్మిట్ కార్డు మీద ఉన్న టైమ్ ఏ దేశం టైమో కన్ఫ్యూజ్ అయి గేటు బయట నిలబడొద్దు.

ఇక సీట్లు. గవర్నమెంట్ మెడికల్ కాలేజీల్లో 15 శాతం ఆల్ ఇండియా కోటా. దానికి దేశంలో అందరితో పాటు మీరూ పోటీ పడొచ్చు. మిగతా 85 శాతం రాష్ట్రానిది. అక్కడే లోకల్ రూల్. తెలంగాణ 2024లో ఇచ్చిన జీవో 33 ప్రకారం, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా, ఇక్కడే చదివి ఉండాలి. దీని మీద హైకోర్టులో, సుప్రీంకోర్టులో కేసులు నడిచాయి. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఈ రూల్‌ని సమర్థించింది.

మన కామారెడ్డిలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది కదా. రాష్ట్రం ఏర్పడ్డాక వచ్చిన కాలేజీల్లో రాష్ట్ర కోటా సీట్లు మొత్తం లోకల్ వాళ్లకే అని 2023లోనే నిర్ణయం తీసుకున్నారు. అంటే ఇంటి పక్కన కాలేజీ ఉన్నా, తొమ్మిది నుంచి పన్నెండు దాకా రియాద్‌లో చదివిన పిల్లకి దాంట్లో ఆల్ ఇండియా కోటా తప్ప దారి లేదు. వినడానికి బాధగానే ఉంటుంది. రూల్ మంచిదా చెడ్డదా అని కామెంట్స్‌లో కొట్టుకోవచ్చు. ఇక్కడే చదివిన పిల్లలకి సీట్లు దక్కాలనే వాదనలో కూడా న్యాయం ఉంది. కానీ ఫామ్ నింపే రోజు మనకి రూల్ తెలిసి ఉండాలి, అంతే.

ఇంకోటి, బయట దేశంలో ఎంబీబీఎస్ చేసి ఇండియాలో ప్రాక్టీస్ చెయ్యాలన్నా నీట్ క్వాలిఫై కావాల్సిందే. "ఫారిన్‌లో చదువుతా, నీట్ ఎందుకు" అని వదిలెయ్యొద్దు.

ఈఏపీసెట్: ఆ 15 శాతం గురించి ఎవరూ చెప్పరు

దీనికి గల్ఫ్‌లో సెంటర్ లేదు, వచ్చి రాయాలి. కన్వీనర్ సీట్లలో 85 శాతం లోకల్, 15 శాతం అన్‌రిజర్వ్‌డ్. లోకల్ అంటే మళ్లీ అదే నాలుగేళ్ల చదువు.

మరి ఆ 15 శాతం ఎవరికి? 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం రూల్స్ మార్చింది. తెలంగాణలో మొత్తం పదేళ్లు నివాసం ఉన్నవాళ్లు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు ఇక్కడ నివాసం ఉన్నవాళ్లు ఆ సీట్లకి అర్హులు. తల్లిదండ్రులు బయట ఉద్యోగం చేసిన కాలాన్ని ఆ పదేళ్లలో కలపరు. సౌదీ పోక ముందు బాబాయి ఇరవై ఏళ్లకి పైనే ఈ ఊర్లో ఉన్నాడు. ఆ నివాస ధ్రువీకరణ పత్రం మీసేవలో అప్లై చేసి, తహసీల్దార్ సంతకంతో తెచ్చుకుంటే మా తమ్ముడు ఆ కోటాలో నిలబడేవాడు. కాగితం కోసం తిరగడం మొదలుపెట్టేసరికి గడువు అయిపోయింది. అంటే పోయింది ర్యాంకు వల్ల కాదు, ఒక్క కాగితం వల్ల.

ఫామ్ నింపే ముందు చెయ్యాల్సినవి

పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు, పేరు వేరు వేరుగా ఉంటాయి. ఆధార్‌లో ఇనీషియల్, మార్కుల మెమోలో ఇంకో స్పెల్లింగ్. మన తెలుగోళ్లందరికీ ఇదే బాధ. పదో తరగతి మెమో, పాస్‌పోర్ట్, ఆధార్ మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి.

ఆధార్. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్న ఎన్ఆర్ఐలు ఇక్కడికి వచ్చిన వెంటనే అప్లై చెయ్యొచ్చు, 182 రోజులు ఆగక్కర్లేదు. సెలవులకి వచ్చినప్పుడే పని ముగించండి.

ఫోన్ నంబర్. ఇండియా నంబర్ ఇస్తే ఆ సిమ్ మీ చేతిలో ఉండాలి, రీఛార్జ్ బతికి ఉండాలి. నెట్ సెంటర్ వాళ్ల నంబర్, వాళ్ల మెయిల్ అస్సలు పెట్టొద్దు. ఓటీపీ, కౌన్సెలింగ్ మెసేజ్‌లు అన్నీ అక్కడికే పోతాయి.

కుల సర్టిఫికెట్. రాష్ట్రంలో బీసీ-ఏ, బీసీ-బీ లాంటివి నడుస్తాయి. కేంద్ర కాలేజీలకి కేంద్ర ఫార్మాట్‌లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి, అది కూడా కొత్తది. మీరు అక్కడ ఉంటే ఇక్కడ ఇంట్లో ఎవరు తెస్తారో ముందే మాట్లాడుకోండి.

బోర్డు. సీబీఎస్‌ఈ అయితే ఇబ్బంది లేదు. బ్రిటిష్, అమెరికన్ సిలబస్ చదివితే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ అడుగుతారు, దానికి టైమ్ పడుతుంది.

చివరగా, ఈ రూల్స్ ఏటా కొంచెం మారుతుంటాయి. నా వీడియో చూసి వదిలెయ్యకుండా ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్ డౌన్‌లోడ్ చేసి, అందులో నేషనాలిటీ, ఎలిజిబిలిటీ పేజీలు మీరే చదవండి. ఫోన్‌లో రీల్స్ చూసే టైమ్‌లో ఒక గంట చాలు.

ఇంకో మాట, గల్ఫ్‌లో ఉన్న అమ్మానాన్నలకి. మీ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతోందా? అసలు నిర్ణయం పన్నెండు అయ్యాక కాదు, ఇప్పుడే. డాక్టర్ చదివించాలి, అదీ ఇక్కడి గవర్నమెంట్ కాలేజీలో అనుకుంటే, తొమ్మిది నుంచి ఇక్కడ ఉంచాలా అని ఇంట్లో కూర్చుని మాట్లాడండి. ఇంజినీరింగ్ అయితే అక్కడే చదివినా దారులున్నాయి. పిల్లని దూరంగా ఉంచడం చిన్న విషయం కాదు, అది నేను చెప్పేది కాదు. తెలిసి తీసుకున్న నిర్ణయం ఏదైనా తట్టుకోవచ్చు. తెలియక పోయిన సీటే మనసులో ఉండిపోతుంది.

మా తమ్ముడు ఇప్పుడు థర్డ్ ఇయర్, బాగానే చదువుతున్నాడు. ఈ స్క్రిప్ట్‌లో పాస్‌పోర్ట్ అడ్రస్ పాయింట్ వాడే వెతికి పెట్టిండు. "అన్నా, నాకు ఎవరూ చెప్పలేదు, వీళ్లకన్నా చెప్పు" అన్నాడు. చెప్పేశా.

మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో గల్ఫ్‌లో ఉన్న పెద్దనాన్నో, మేనత్తో ఉంటే ఈ వీడియో లింక్ పంపండి. డౌట్స్ ఉంటే కామెంట్‌లో మీ తరగతి, చదివిన దేశం, ఏ పాస్‌పోర్ట్ అన్నది మాత్రం రాయండి. పాస్‌పోర్ట్ నంబర్లు పెట్టకండి ప్లీజ్. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.