బైక్ ఫెయిరింగ్ స్పీకర్లు మారుస్తున్నారా? వాట్స్ పక్కన పెట్టి ఓమ్స్ చూడండి

స్పీకర్ బాక్స్ మీద 300 వాట్స్ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది స్పీకర్ తట్టుకోగలిగే పవర్, ఇచ్చే సౌండ్ కాదు. హైవే మీద గాలి హోరులో పాట వినపడాలంటే చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ఈ మధ్య టెక్సస్‌లో మా కజిన్ 2016 హార్లీ స్ట్రీట్ గ్లైడ్‌కి ఇద్దరం కలిసి స్పీకర్లు మార్చాం. ఈ బైక్ ఫ్యాక్టరీ స్టీరియోని 2 ఓమ్స్ స్పీకర్ల కోసం డిజైన్ చేశారు. దానికి 4 ఓమ్స్ స్పీకర్ తగిలిస్తే ఏమవుతుంది? ఇంటర్‌లో చదివిన ఫార్ములానే: వోల్టేజ్ స్క్వేర్ బై రెసిస్టెన్స్. పవర్ సగానికి పడిపోతుంది, అంటే సుమారు 3 డెసిబెల్స్ లాస్. డబ్బులు పెట్టి సౌండ్ తగ్గించుకున్నట్టే! రివర్స్ కేస్ ఇంకా డేంజర్. మన కార్ స్టీరియోలు ఎక్కువగా 4 ఓమ్స్‌కి చేసినవి. వాటికి 2 ఓమ్స్ పెడితే యాంప్ మీద లోడ్ డబుల్ అవుతుంది, వేడెక్కి పోవచ్చు కూడా.

సెన్సిటివిటీలో ఇంకో తిరకాసు. 93 డెసిబెల్స్ అని కనిపించగానే సంబరపడకండి, పక్కన 2.83 వోల్ట్స్ అని ఉందా, 1 వాట్ అని ఉందా చూడండి. 4 ఓమ్స్ స్పీకర్‌కి 2.83 వోల్ట్స్ అంటే 2 వాట్స్. అంటే 1 వాట్ లెక్కలో అది 90 మాత్రమే.

ఇక ఊడదీయడం. సీట్ తీసి ముందు బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పండి. ఫ్రంట్ మడ్‌గార్డ్ మీద మందపాటి టవల్ పరవండి. స్క్రూలన్నీ స్టార్ ఆకారంలో ఉండే టార్క్స్ రకం. బయటి ఫెయిరింగ్‌ని ఒక్కసారిగా లాగొద్దు, హెడ్‌లైట్ దాంతోపాటే వస్తుంది. కాస్త వంచి, కనెక్టర్ విప్పాకే పక్కన పెట్టండి. రెండో మనిషి ఉంటే ఇక్కడే ఉపయోగం.

పాత స్పీకర్ తీసేముందు వైర్ల ఫొటో తీసుకోండి. కొత్తదాని ప్లస్, మైనస్ మీద డౌట్ ఉంటే 1.5 వోల్ట్స్ పెన్సిల్ సెల్‌ని ఒక్క క్షణం తాకించండి. కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిందే స్పీకర్ ప్లస్. రెండు స్పీకర్లలో ఒకటి ఉల్టా అయితే రెండూ మోగుతాయి గానీ బేస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది. చాలామంది అప్పుడు స్పీకర్‌నే తిడతారు.

అంచు చుట్టూ ఫోమ్ టేప్ వేయండి. గ్యాప్ ఉంటే వెనక గాలి ముందుకొచ్చి మళ్ళీ బేస్ పోతుంది. ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూలు చేత్తో బిగిస్తే చాలు. థ్రెడ్‌లాకర్ అస్సలు వాడొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లకి పగుళ్ళు తెప్పిస్తుంది. కేబుల్ తగిలించి, ఫెయిరింగ్ మూయకముందే పాట పెట్టి చూడండి.

అన్నీ కరెక్ట్‌గా ఉన్నా సౌండ్ పల్చగా వస్తోందా? అది సాఫ్ట్‌వేర్ పని. స్టీరియోలోని ఈక్వలైజర్ సెట్టింగ్ పాత స్పీకర్లకి తగ్గట్టు రాసింది. దాన్ని మార్చాలంటే డీలర్ దగ్గర స్టీరియోని ఫ్లాష్ చేయించాలి. దానికి ఎంత తీసుకుంటారో స్పీకర్లు ఆర్డర్ చేయకముందే ఫోన్ చేసి కనుక్కోండి.