పాటల గాదె

ధాన్యమును గాదెలోను, ఊరగాయను జాడీలోను ఏడాదికి సరిపడ నిలువచేయుట మన గృహిణులకు తెలిసిన విద్యయే. పాటను నిలువచేయు విద్య మాత్ర మింకను అలవడవలసి యున్నది. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము వెలసిన పిమ్మట కృష్ణామండలపు పల్లెలకు సంగీతము గాలిలో వచ్చినది. కాని విన్నంతసేపే అది మనది. 1963లో ఫిలిప్స్ కంపెనీవారు క్యాసెట్టును వెలువరించిరి. క్రమముగా అది మన యిండ్లకు చేరగా, ఇంటి పాటను ఇంటనే పట్టి యుంచుట సాధ్యమైనది.

2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన చందర్లపాడునందు గాని, నందిగామ, జగ్గయ్యపేటలయందు గాని, అమ్మమ్మ పాడిన మంగళహారతియు, పెండ్లినాటి అప్పగింతల పాటయు గల క్యాసెట్టు బీరువా మూల పడియున్న గృహములు కొన్నియైన నుండును. టేపు మీది పూత వేడికిని చెమ్మకును చెడును. సినిమాపాట పోయినచో అంగట దొరకును. అమ్మమ్మ గొంతు ఏ యంగట దొరకును? కావున పాటల గాదె నమర్చుకొను విధమును సోదరీమణులకు మనవి చేయుచున్నాము.

ఇందుకు మూడు వస్తువులు కావలెను: పాటలుండు హార్డు డిస్కు పెట్టె, వై-ఫై రౌటరు, వై-ఫైతో పాడు స్పీకర్లు. పెట్టెను తీగతో రౌటరునకు కలిపినచో, రౌటరు ఆ పాటలను తీగ లేకయే గదిగదికి నందించును. వంటయింట కీర్తన, సావిడిలో హరికథ ఏకకాలమున వినవచ్చును. స్పీకరు ఇంటి పెట్టెలోని పాటలను పాడునో లేదో కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. అట్లు పాడునదైనచో, ఇంటర్నెట్టు ఆగినను పాట ఆగదు.

గోడలు మందమైన పాత యిండ్లలో రౌటరును నడుమ గదిలో ఎత్తున నుంచవలెను. ఇనుప బీరువా ప్రక్క నుంచరాదు. 5 గిగాహెర్ట్‌జ్ తరంగముల కంటె 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములు గోడలను బాగుగ దాటును. డిస్కు పెట్టెను పొయ్యి వేడికి దూరముగ నుంచి, కరెంటు హఠాత్తుగా పోయినపుడు చెడకుండ చిన్న యూపీఎస్‌ను తగిలింపవలెను.

క్యాసెట్టులోని పాటను పెట్టెలోనికి చేర్చుటకు, ముందుగా టేపురికార్డరు హెడ్డును స్పిరిటు దూదితో తుడువవలెను. పిదప ఇయర్‌ఫోను రంధ్రము నుండి తీగను కంప్యూటరునకు కలిపి, ఆడాసిటీ అను ఉచిత సాధనముతో రికార్డు చేయవచ్చును. గంట క్యాసెట్టునకు గంట పట్టును; త్వరపడి లాభము లేదు. ఫ్లాక్ పద్ధతిని దాచిన నాదము తరుగదు. గంట పాటకు సుమారు 300 మెగాబైట్లు చాలును. ఒక టెరాబైటు డిస్కున ఇట్టి పాటలు 3,000 గంటలకు సరిపడ నిముడును. ప్రతి పాటకును పాడినవారి పేరు, వరుస, సందర్భము, సంవత్సరము వ్రాయుడు. పేరు లేని గొంతును మనుమలు గుర్తింపలేరు.

జోడు డిస్కుల పెట్టెలో ఒకటి చెడినను రెండవది నిలుచును. కాని పొరబాటున తుడిచిన పాట రెండింటను పోవును. దొంగ పెట్టె నెత్తుకొనిపోయినను అంతే. అందుచే వేరొక డిస్కులో ప్రతి తీసి వేరొక యింట నుంచవలెను. కూతురు అత్తవారింటికి వెళ్లునపుడు చీరసారెలతో పాటు ఆ డిస్కును పంపుడు. ఇచట పోయినను అమ్మమ్మ పాట అచట నుండును.