మీకు తెలుసా? మబ్బు కమ్మితే గురి జరుగుతుంది!

రైఫిల్ కదలకపోయినా, చెయ్యి వణకకపోయినా, సూర్యుడికి మబ్బు అడ్డొస్తే చాలు, 50 మీటర్ల పోటీలో తూటా తగిలే చోటు మారిపోవచ్చు.

మోసం చేసేది తుపాకీ కాదు, కన్ను. ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో తుపాకీకి టెలిస్కోపు బిగించకూడదు. కంటి ముందు చిన్న రంధ్రమున్న వెనక సైటు, గొట్టం చివర ఉంగరంలాంటి ముందు సైటు, అంతే. ఎండ ముదిరితే టార్గెట్‌లోని తెలుపు మెరిసి నల్లటి వృత్తం అంచుల్ని కాస్త తినేసినట్టు కనిపిస్తుంది. పక్క నుంచి ఎండ పడితే సైటు ఒక అంచే మెరిసి, నడుమ ఏదో తెలియకుండా చేస్తుంది. 10 పాయింట్ల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లే, మన చిటికెన వేలి గోరంత! అక్కడ రెండు మిల్లీమీటర్ల తేడా కూడా చిన్నది కాదు.

అందుకే వెనక సైటులో కంటిపాపలా పెద్దదీ చిన్నదీ చేసుకునే రంధ్రం, మార్చుకునే రంగు ఫిల్టర్లు ఉంటాయి. ‘వెలుగు పెరిగితే సైటు పెంచు, తగ్గితే దించు’ అని ఇంగ్లిష్ షూటర్లలో పాత సూత్రం ఒకటుంది. గుడ్డిగా నమ్మేది కాదు. ఒకరి కన్ను మరొకరి కన్నులా ఉండదు. అనుభవజ్ఞులు సాధనలోనే తమ తేడాను రాసిపెట్టుకుంటారు, పోటీలో సైటు మరను అన్ని క్లిక్కులే తిప్పుతారు. కొందరైతే ఆ మర జోలికే పోరు, మబ్బు తొలగేదాకా ఆగుతారు. గడియారం మాత్రం ఆగదు.

2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల పోటీకి ఈ తంటా లేదు. అది కప్పు కింద, దీపాల వెలుగులో సాగేది. అక్కడ 10 పాయింట్ల చుక్క మాత్రం అర మిల్లీమీటరే!