ఒక్క సూత్రం కిందిదాకా ఎలా పాకుతుంది?

2001లో వేలూరు జిల్లా జనాభా 34,77,317. 2011లో 39,36,331. పక్కనే ఉన్న మన చిత్తూరు జిల్లాలో 37,45,875 కాస్తా 41,74,064 అయింది. ఏది ఎక్కువ వేగంగా పెరిగింది? ఎంతమంది పెరిగారన్నది ఒక్కటే చాలదు, ఎంతమీద పెరిగారో చూడాలి. అందుకే తేడాను పాత సంఖ్యతో భాగిస్తాం, కొత్తదానితో కాదు.

ఎక్సెల్‌లో వేలూరు పాత సంఖ్య బీ2 గడిలో, కొత్తది సీ2లో ఉంటే, డీ2లో =(సీ2-బీ2)/బీ2 అని ఇంగ్లిషు అక్షరాలతో కొట్టండి. బ్రాకెట్లు వదిలేస్తే ముందు భాగహారం జరిగిపోయి జవాబు తప్పుతుంది. సుమారు 0.132 వస్తుంది. శాతం బటన్ నొక్కి, దశాంశ స్థానం ఒకటి పెంచితే 13.2%. మళ్లీ 100తో గుణించొద్దు.

ఇప్పుడు ఆ గడికి కుడివైపు కింది మూలనున్న చిన్న చతురస్రాన్ని పట్టుకుని కిందికి లాగండి. కింది వరుసలో, బీ3, సీ3లలో చిత్తూరు సంఖ్యలు ఉంటే అక్కడ 11.4% వచ్చేస్తుంది. ఎలా? కంప్యూటర్ గుర్తుపెట్టుకున్నది బీ2 అనే పేరును కాదు, ‘నాకు ఎడమవైపు రెండో గడి’ అనే దారిని. వరుస మారినా దారి అదే.

కొన్నిసార్లు సూత్రంలోని గడి ఇలా మారకూడదు. గుడియాత్తం లుంగీలకు పేరున్న ఊరు. అక్కడ ఒక దుకాణం అన్ని ధరలూ 5% పెంచుతోందనుకోండి. పాత ధరలు బీ2 నుంచి కిందికి ఉన్నాయి, ఆ 5% మాత్రం ఒక్క ఈ1 గడిలోనే ఉంది. =బీ2*(1+ఈ1) అని లాగితే, తర్వాతి వరుస ఖాళీగా ఉన్న ఈ2ను చూస్తుంది, ధర పెరగదు. $ఈ$1 అని రాస్తే ఆ గడి కదలదు. లాగాక చివరి వరుసను మాత్రం చేత్తో లెక్కకట్టి సరిచూసుకోండి.